కండోమ్ మధ్యలో తీసేశాడు, నాకు చెప్పలేదు. ఇది వదిలేయాల్సిన విషయమా?

వానచినుకు
రాయాలా వద్దా అని పొద్దున్నుంచి ఊగిసలాడి ఇప్పుడు రాస్తున్నా. నాకు 27. అతనితో పరిచయమై ఏడాది దాటింది. కండోమ్ లేకుండా నావల్ల కాదని మొదట్లోనే చెప్పాను, సరే అన్నాడు, ఎప్పుడూ పేచీ పెట్టలేదు. నిన్న రాత్రి అంతా అయ్యాక లేచి చూస్తే అది మంచం పక్కన నేల మీద పడి ఉంది, ఉండ చుట్టి. ఏంటిదని అడిగితే "మధ్యలో తీసేశా, నీకు తెలీనే లేదుగా" అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది. నేను ఏడిస్తే "నాకేం రోగాలు లేవు, ఎందుకింత సీన్" అన్నాడు. ఫ్రెండ్‌కి చెబితే "ఎవరో తెలియనివాడు కాదు కదా, వదిలెయ్" అంది. ఇష్టపడే వెళ్ళాను, నన్నెవరూ బలవంతం చేయలేదు. మరి ఎందుకింత అసహ్యంగా ఉంది? గోరంతను కొండంత చేస్తున్నానా?

గడపదాటి
చేయట్లేదు. అడగకుండా తీశాడు, దొరికాక నవ్వాడు. తెలియక జరిగిన పొరపాటైతే కంగారు పడేవాడు. దీన్ని స్టెల్తింగ్ అంటారు, నీ ఒక్కదానికే జరిగింది కాదు.

తెల్లకోటు
తప్పొప్పులు తర్వాత మాట్లాడుకుందాం. ఎన్ని గంటలైంది? ఏమైనా మాత్ర వేసుకున్నారా? నెలసరి ఎప్పుడు రావాలి?

వానచినుకు
ఇంకా రోజు కూడా కాలేదు. ఏమీ వేసుకోలేదండీ. డేట్‌కి రెండు వారాలుంది.

తెల్లకోటు
అయితే ఇది చదివేసి వెంటనే బయల్దేరండి.

రెండు వారాలుందంటే గర్భం రావడానికి ఎక్కువ అవకాశమున్న రోజులు ఇవే. ఎమర్జెన్సీ మాత్రలో లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒకే డోసు. 72 గంటల్లోపు అని రాసి ఉంటుంది గానీ అంతవరకూ ఆగకండి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. అది అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అప్పటికే విడుదలైపోతే పెద్దగా చేసేదేమీ ఉండదు. అందుకే కాపర్ టీ గురించి కూడా డాక్టర్‌ను అడగండి. 5 రోజుల్లోపు వేయించుకుంటే అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది అదే. మాత్ర వేసుకున్న 2 గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. టీబీకో మూర్ఛకో మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, వాటిలో కొన్ని ఈ మాత్ర బలాన్ని తగ్గించేస్తాయి.

హెచ్ఐవీ సంగతి. వైరస్ సోకకుండా అడ్డుకోవడానికి పెప్ అని మందులు ఉంటాయి, 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మానకుండా వాడాలి. అందరికీ అవసరం పడదు, రిస్క్ ఎంతో చూసి డాక్టర్ చెబుతారు. కానీ అడగడం మాత్రం ఈరోజే అడగాలి. హెపటైటిస్ బి టీకా పూర్తిగా వేయించుకున్నారో లేదో ఇంట్లో కనుక్కోండి. లేకపోతే అది కూడా ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

అతను "రోగాలు లేవు" అన్నది నోటిమాట. క్లమీడియా లాంటివి ఒంట్లో ఉన్నా చాలామందికి లక్షణాలే కనిపించవు. తనకు లేదని అతను నిజంగానే నమ్ముతుండొచ్చు కూడా.

లోపల సబ్బుతో, యాంటీసెప్టిక్‌తో కడగొద్దు. దానివల్ల గర్భం ఆగదు, ఇన్‌ఫెక్షన్ ఆగదు, పైగా పొర దెబ్బతింటుంది. ఫిర్యాదు చేసే ఆలోచన ఏ కొంచెం ఉన్నా ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి ఉంచండి.

వానచినుకు
వెళ్తున్నా. థాంక్స్ అండీ. చేతులు వణుకుతున్నాయి.

నలుగురిలోఒకతె
తోడు ఎవరినైనా తీసుకెళ్ళు తల్లీ. ఎవరూ లేకపోతే ఇక్కడ రాస్తూ ఉండు, మేం ఉన్నాం.

నిజంమాట్లాడు
అతను చేసింది తప్పే, కాదనను. కానీ కాసేపట్లో ఇక్కడ రేప్ అనే మాట వస్తుంది, అందుకే ముందే అడుగుతున్నా. ఇష్టపడే వెళ్ళానని ఆవిడే రాశారు. ఒక రబ్బరు పొర లేనంత మాత్రాన జరిగిందంతా తలకిందులైపోతుందా?

గడపదాటి
@నిజంమాట్లాడు, బండి తాళం ఇస్తే పని చూసుకుని రమ్మని. ఎలాగూ తాళం ఇచ్చావుగా, అమ్మేశాను అంటే ఊరుకుంటారా? ఆమె ఒప్పుకున్నది కండోమ్‌తో మాత్రమే. అది లేనిదానికి "వద్దు" అని మొదటిరోజే చెప్పింది. వద్దన్న పని ఆమెకు తెలియకుండా చేశాడు.

ఎర్రచీమ
తప్పు కాదనుకునేవాడు దాచిపెట్టడు కదా. అక్కడే తెలిసిపోతోంది.

నల్లకోటు
నిజంమాట్లాడు గారి ప్రశ్న దగ్గరే కోర్టులు కూడా చాలా ఏళ్ళు కొట్టుకున్నాయి. కాబట్టి కొంచెం వివరంగా.

స్టెల్తింగ్ అన్న మాట అందరి నోట్లోకి వచ్చింది 2017లో. అలెగ్జాండ్రా బ్రాడ్‌స్కీ అనే ఆవిడ కొలంబియా జర్నల్ ఆఫ్ జెండర్ అండ్ లా అనే పత్రికలో దీనిమీద వ్యాసం రాశారు. బాధితులతో మాట్లాడారు. చాలామంది చెప్పింది ఒకటే: జరిగింది ఘోరమని తెలుసు, దాన్ని ఏమనాలో మాత్రం తెలియలేదు. ఇంకోవైపు, ఇది ఎలా చేయాలో ఒకరికొకరు చిట్కాలు చెప్పుకునే మగవాళ్ళ గుంపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయని కూడా ఆవిడ చూపించారు.

కెనడా సుప్రీంకోర్టు ముందుకు 2014లో ఒక కేసు వచ్చింది. ప్రియురాలికి గర్భం రావాలని ఒకతను కండోమ్‌లకు రంధ్రాలు పొడిచాడు. శిక్ష ఖాయం చేశారు గానీ "మోసం వల్ల ఆమె సమ్మతి చెల్లదు" అనే దారిలో వెళ్ళారు. 2022లో కర్క్‌ప్యాట్రిక్ కేసు. కండోమ్ ఉంటేనే అని ఆమె ముందే చెప్పింది, రెండోసారి అతను వేసుకోలేదు. అప్పుడు మెజారిటీ జడ్జీలు సూటిగా చెప్పేశారు: కండోమ్‌తో కలవడం, అది లేకుండా కలవడం రెండూ వేర్వేరు పనులు. మొదటిదానికి ఒప్పుకున్నంత మాత్రాన రెండోదానికి సమ్మతి ఉన్నట్టు కాదు. మోసం నిరూపించడం దాకా పోనక్కర్లేదు, అక్కడ సమ్మతే లేదు. మీరన్న "రబ్బరు పొర" మీదే నడిచిన తీర్పు అది. ఈ విషయంలో జడ్జీలంతా ఏకగ్రీవంగా లేరు, 5-4గా చీలిపోయారు.

బెర్లిన్‌లో 2018లో ఒక పోలీసు ఆఫీసర్‌కు ఇదే పనికి లైంగిక దాడి కింద శిక్ష పడింది, 8 నెలలు, సస్పెండ్ చేసిన శిక్ష, అంటే వెంటనే జైలుకు పంపలేదు. 2021 అక్టోబర్‌లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది, కానీ అది సివిల్. నష్టపరిహారం కోసం దావా వేయొచ్చు, జైలు లేదు. అదే నెలలో ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతం దీన్ని నేరంగా చట్టంలో రాసింది. అంటే "రేప్ అనాలా వద్దా" అన్నది ఒక్కో దేశం ఒక్కోలా తేల్చుకుంటోంది. వదిలేయాల్సిన చిన్న విషయం అని మాత్రం ఈ తీర్పులేవీ అనలేదు.

సందేహాలరాయుడు
తెల్లకోటు, నల్లకోటు ఇద్దరూ ఒకే చర్చలో దొరికారు. ఇక ఖాకీ ఒక్కటే తక్కువ :)

నిజంమాట్లాడు
@నల్లకోటు, ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్. రెండూ వేర్వేరు పనులు అన్న మాట ఆలోచించాల్సిందే. శిక్ష ఎంత ఉండాలన్న దానిమీద మాత్రం నా అనుమానం నాకుంది.

రాత్రిబండి
అన్నీ మగాళ్ళ మీదేనా? మాత్రలు వేసుకుంటున్నానని అబద్ధం చెప్పి గర్భం తెచ్చుకునే ఆడవాళ్ళు లేరా? నా ఫ్రెండ్ జీవితం అలాగే తిరగబడింది. దానికి చట్టం లేదా? ఇది మాత్రం నేరమా?

నల్లకోటు
@రాత్రిబండి, మీ ఫ్రెండ్‌కి జరిగిందీ మోసమే, ఆ కోపం నాకు అర్థమవుతుంది. చట్టం రెండింటినీ ఎందుకు వేరుగా చూస్తుందో చెబుతా. ఇంగ్లండ్‌లో 2020లో లారెన్స్ కేసు. వాసెక్టమీ (పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకి చేసే ఆపరేషన్) చేయించుకున్నానని అబద్ధం చెప్పింది అక్కడ మగవాడే. అప్పీల్ కోర్టు రేప్ శిక్ష కొట్టేసింది. వాళ్ళ లెక్క ప్రకారం ఆమె కండోమ్ లేకుండా కలవడానికి ఒప్పుకుంది, ఆ పనే జరిగింది. అబద్ధం దాని ఫలితం గురించి. కండోమ్ తీసేస్తే ఒంటికి ఒళ్ళు తగలడమే మారిపోతుంది, ఒప్పుకున్న పనే వేరైపోతుంది. ఈ గీత సరైన చోట గీశారా అంటే నాకే పూర్తిగా నచ్చదు. కానీ ఆ గీత ఆడా మగా అని చూడలేదు.

ఇంకోటి. జర్మనీలోని బీలెఫెల్డ్‌లో 2022లో ఒక స్త్రీ తన పార్ట్‌నర్ కండోమ్‌లకు చాటుగా రంధ్రాలు చేసిందని ఆమెకు శిక్ష వేశారు. ఆడవాళ్ళు చేస్తే వదిలేస్తున్నారని అనుకోకండి.

రాత్రిబండి
ఇది తెలియదు. సరే.

ఆకుపచ్చచొక్కా
నేను గే. ఇది ఆడా మగా గొడవగా మారకముందే ఒక మాట. మా మధ్య కూడా ఇది జరుగుతుంది, చెప్పుకునేవాళ్ళు ఇంకా తక్కువ. నాకు జరిగినప్పుడు నేను వెంటనే గమనించాను, నెట్టేశాను. "నువ్వు ప్రెప్ వాడతావుగా, ఇంకేం భయం" అన్నాడు. ప్రెప్ అంటే హెచ్ఐవీ రాకుండా ముందునుంచే వాడే మందు, అది హెచ్ఐవీ ఒక్కదాన్నే ఆపుతుంది. సిఫిలిస్, గనేరియా దానికి అడ్డు కావు. అయినా నేను ఏం మందు వాడితే అతనికెందుకు? కండోమ్ కావాలన్నాను, కారణం చెప్పాల్సిన పని లేదు. ఫిర్యాదు చేద్దామంటే ముందు నేనెవరినో అందరి ముందూ ఒప్పుకోవాలి. అక్కడే ఆగిపోయాను.

గడపదాటి
@ఆకుపచ్చచొక్కా, రాసినందుకు థాంక్స్. "కారణం చెప్పాల్సిన పని లేదు" అన్నది అందరం గుర్తుపెట్టుకోవాలి.

పెద్దతరం
నేను చెప్పేది ఎవరికీ నచ్చదని తెలుసు. పెళ్ళికి ముందు ఈ సంబంధాలే లేకపోతే ఈ బాధలన్నీ ఎందుకొస్తాయి? ఆ అమ్మాయి మీద జాలితోనే అంటున్నా.

నలుగురిలోఒకతె
@పెద్దతరం గారూ, మీకు జవాబు నేనే చెప్పాలి, ఎందుకంటే నాకు పెళ్ళయింది.

రెండో కాన్పు సిజేరియన్. ఇంకో బిడ్డకి కనీసం రెండేళ్ళు గ్యాప్ ఉండాలని డాక్టరమ్మ మా ఆయన ఎదురుగానే చెప్పారు. మాత్రలు నాకు పడవు, తలనొప్పి లేవనిచ్చేది కాదు. అందుకని కండోమ్ అనుకున్నాం. కొన్నాళ్ళకి ఆయన లైట్ తీసేశాక మధ్యలో తీసేయడం మొదలుపెట్టాడు. అడిగితే "నా పెళ్ళానికి నేను కండోమ్ వేసుకోవడమేంటి" అన్నాడు. డేట్ దగ్గరికొచ్చేకొద్దీ నిద్ర పట్టేది కాదు. బాత్రూమ్‌లో ఆ టెస్ట్ కార్డు మీద రెండో గీత వస్తుందేమోనని చూస్తూ నిలబడిన ఆ కొద్ది నిమిషాలు ఎలా ఉంటాయో ఆడవాళ్ళకే తెలుసు. మా అత్తగారితో చెబితే "మొగుడేగా" అన్నారు. అమ్మ కూడా అదే మాట. ఎవరిని అడిగినా మొగుడేగా అంటారు. ఆ ఒక్క మాటతో ఇక నోరెత్తడానికి లేకుండా పోతుంది.

పెళ్ళి దీన్ని ఆపదండీ. పెళ్ళయ్యాక బయటికి చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది.

తెల్లకోటు
@నలుగురిలోఒకతె, ఇప్పుడు మీ చేతిలో ఉండే పద్ధతి ఏదైనా వాడుతున్నారా? కాపర్ టీలో హార్మోన్లు ఉండవు. మాత్రల వల్ల వచ్చిన తలనొప్పి దానితో ఉండదు.

నలుగురిలోఒకతె
వేయించుకున్నానండీ, ఆయనకి చెప్పకుండానే. గర్భం భయం పోయింది. ఆయన పక్కన పడుకుంటే ఒళ్ళు బిగుసుకుపోవడం మాత్రం పోలేదు.

ఎర్రచీమ
ఈ ఆఖరి వాక్యం చదివి చాలాసేపు ఆగిపోయాను అక్కా.

పెద్దతరం
అమ్మా, నేను మీలాంటివాళ్ళ గురించి ఆలోచించి ఆ మాట అనలేదు. మీ బాధ చదివాక నాకు జవాబు లేదు.

నిర్వాహకుడు
కాసేపటి క్రితం ఒక సభ్యుడు పార్ట్‌నర్‌కి తెలియకుండా ఎలా చేయాలో అడుగుతూ పోస్ట్ పెట్టాడు. తీసేశాం, ఖాతా మూసేశాం. ప్రశ్న అడిగిన ఆమె నడవడి మీద వచ్చిన రెండు వ్యాఖ్యలూ తీసేశాం. వాదించుకోండి, అభ్యంతరం లేదు. అలాంటివి మాత్రం ఇక్కడ ఉండవు.

సందేహాలరాయుడు
నిజమైన సందేహం. నాకు కండోమ్ జారిపోవడం, ఒకసారి చిరిగిపోవడం కూడా జరిగాయి. అది కూడా దీని కిందికే వస్తుందా? రేపు ఎవరైనా నన్ను అలాగే అంటే?

తెల్లకోటు
రాదు. జారడం, చిరగడం మామూలే. జనం నిజంగా వాడే తీరులో కండోమ్ మీదే ఆధారపడ్డ జంటల్లో ఏడాదికి వందలో 13 మందికి గర్భం వస్తుంది, ప్రతిసారీ సరిగ్గా వాడితే అది 2కి పడిపోతుంది. అంటే చాలా మటుకు వాడకంలో పొరపాట్లే. చివర గాలి నొక్కేయకపోవడం, నూనె రాయడం (లేటెక్స్‌ను నూనె పాడుచేస్తుంది, నీటితో చేసిన జెల్ వాడండి), సైజు కుదరకపోవడం. సైజులు ఉంటాయి, అడగడానికి సిగ్గుపడకండి. బయటికి తీసేటప్పుడు అంచు పట్టుకోండి. జారిందని తెలిసిన క్షణం ఆగి "జారింది" అని చెప్పండి. అలా చెబితే ఆమెకు ఆ 72 గంటలూ చేతిలో ఉంటాయి. దాచిపెడితే ఆ టైమ్ కూడా లాగేసుకున్నట్టే.

నిజంమాట్లాడు
కండోమ్‌తో సుఖం ఉండదని మా కుర్రాళ్ళ మధ్య ఎప్పుడూ నడిచే మాట. తీసేయడం ఏదో గెలుపులా చెప్పుకునేవాళ్ళని చూశాను. అప్పుడు ఎవరూ కాదనరు, నవ్వుతారు.

గడపదాటి
ఆ నవ్వు దగ్గరే ఎవరో ఒకరు "ఆమెకి చెప్పావా?" అని అడగాలి. సుఖం లేదనుకుంటే "నాకిలా కుదరదు" అని ముందే చెప్పొచ్చు. ఆమె వద్దంటే ఇంటికెళ్ళిపోవచ్చు. తప్పేం లేదు.

ఎర్రచీమ
@నల్లకోటు, భారతదేశంలో దీనికి ఏం చట్టం ఉంది?

నల్లకోటు
పేరు పెట్టి చెప్పిన సెక్షన్ లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్ సమ్మతిని ఆ నిర్దిష్టమైన లైంగిక చర్యకు స్వచ్ఛందంగా ఒప్పుకోవడం అని నిర్వచిస్తుంది. "నిర్దిష్టమైన" అన్న మాట పట్టుకుని వాదించడానికి చోటుంది. 69వ సెక్షన్ మోసంతో కలవడం గురించే అయినా అక్కడ రాసింది పెళ్ళి, ఉద్యోగం, ప్రమోషన్ ఆశ చూపడం, గుర్తింపు దాచి పెళ్ళాడడం లాంటివి.

భార్య విషయంలో 63లోనే మినహాయింపు ఉంది, 18 నిండిన భార్య అయితే రేప్ కింద రాదు. అయితే @నలుగురిలోఒకతె గారూ, 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా ఉంది, ఆ దారి మీకు తెరిచే ఉంది. గర్భస్రావ చట్టం (ఎంటీపీ) ప్రకారం గర్భనిరోధకం విఫలమైందన్న కారణంతో 20 వారాల దాకా గర్భం తీయించుకోవచ్చు, 2021 సవరణ తర్వాత పెళ్ళి కానివాళ్ళకి కూడా. భర్త సంతకం అక్కర్లేదు, మీ ఒక్కరిదే చాలు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఈ చట్టం వరకూ భర్త బలవంతాన్ని కూడా రేప్‌గానే లెక్కించాలంది.

నలుగురిలోఒకతె
భర్త సంతకం అక్కర్లేదా! ఇది తెలియక మా బంధువులమ్మాయి ఎంత తిరిగిందో.

వానచినుకు
వచ్చానండీ. మాత్ర అక్కడే వేసుకున్నా. డాక్టర్ ఆడమనిషే, ఏమీ అనలేదు. "ఒప్పుకునే వెళ్ళారా" అని అడుగుతుందని భయపడ్డా. ఆవిడ అడిగింది టైమ్, డేట్, అలర్జీలు, అంతే. అతను గతంలో టెస్టులు చేయించుకున్నట్టు ఏమీ తెలియదని చెబితే పెప్ రాసిచ్చింది. రక్తం తీసుకున్నారు. అతను మెసేజ్ పెట్టాడు, "ఇంకా కోపమేనా" అని. జవాబివ్వలేదు. ఇవ్వను. ఫిర్యాదు గురించి ఇంకా తేల్చుకోలేదు.

గడపదాటి
ఆ మెసేజ్ డిలీట్ చేయకు. స్క్రీన్‌షాట్ తీసి ఇంకోచోట దాచు. తీసేశానని అతనే ఒప్పుకున్న మెసేజ్ ఏదైనా ఉంటే అది మరీ ముఖ్యం.

ఆకుపచ్చచొక్కా
పెప్ వాడినప్పుడు నాకు మొదటివారం కడుపులో తిప్పింది. రోజూ ఒకే టైమ్‌కి అలారం పెట్టుకో. తిప్పుతోందని మానొద్దు, డాక్టర్‌కి చెబితే దానికీ మందిస్తారు.

వానచినుకు
సరే అన్నా. ఈరోజు రక్తం తీసుకున్నారుగా, నెగెటివ్ వస్తే ఇక టెన్షన్ లేనట్టేనా?

తెల్లకోటు
ఈరోజు తీసింది నిన్నటికి ముందు మీ పరిస్థితి చెబుతుంది, నిన్నటిది అందులో కనిపించదు. క్లమీడియా, గనేరియా పరీక్ష రెండు వారాల తర్వాత చేయించండి. పెప్ వాడుతున్నారు కాబట్టి హెచ్ఐవీ పరీక్ష 4-6 వారాల దగ్గర ఒకసారి, 12 వారాల దగ్గర ఇంకోసారి. సిఫిలిస్ కూడా ఆ 12 వారాల రక్తంతోనే చూసేస్తారు. నెలసరి వారం కన్నా ఎక్కువ ఆలస్యమైతే గర్భం టెస్ట్ చేసుకోండి. ఈ మాత్ర వల్ల డేట్ కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది, కంగారు పడొద్దు. అప్పటిదాకా పెప్ ఒక్కపూట కూడా తప్పొద్దు. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని డాక్టర్‌కి ఫోన్ చేయండి.